లాఠీ దెబ్బకు కాగితం ఎక్కడ దొరుకుతుంది?

సీతమ్మధార_అన్న
డిసెంబరు 31 రాత్రి పదిన్నర ప్రాంతంలో విశాఖలో మా తమ్ముడు భోజనం పార్సిలు ఇవ్వడానికి చినవాల్తేరు వైపు నుంచి బీచ్‌రోడ్డుకు దిగాడు. ఆ దారి మూసివేశారని వాడికి తెలియదు, యాప్‌ చూపించిన దారినే వెళ్లాడు. బారికేడు దగ్గర బండిని వెనక్కి తిప్పుకుంటూ ఉండగా ఒక కానిస్టేబులు వచ్చి లాఠీతో ఎడమ ముంజేతి మీద కొట్టి, తాళంచెవి లాక్కుని, జీపు ఎక్కించాడు. స్టేషను వరండాలో గంటన్నర కూర్చోబెట్టి, ఏ కాగితమూ రాయకుండా, తాళంచెవి చేతిలో పెట్టి పంపించేశారు. మర్నాటికి చెయ్యి వాచిపోయింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయిస్తే మోచేతికీ మణికట్టుకీ మధ్య ఎముకలో సన్నని పగులు కనిపించింది. అక్కడి డాక్టరు "బండి మీద నుంచి పడ్డాడని రాస్తాను, ఆ గొడవలన్నీ మీకెందుకు" అన్నారు, అలాగే రాశారు కూడా. నాకు పోలీసుల మీద పగ లేదు. మా మేనమామ హోంగార్డుగా పనిచేశారు. కానీ ఆ దెబ్బ కొట్టే అధికారం చట్టంలో ఎక్కడ ఉందో, దాని గురించి ఎవరిని అడగాలో తెలిసినవారు చెప్పగలరా?

ఎంవీపీ_వాకర్
ఆ రాత్రి బీచ్‌రోడ్డులో సైలెన్సర్లు పీకేసి, ముందు చక్రం గాలిలోకి లేపి తిరిగిన కుర్రాళ్లను నేను కళ్లారా చూశాను. వారి మధ్యలో మీ తమ్ముడు ఎవరో, ఆకతాయి ఎవరో చీకట్లో ఎలా తెలుస్తుంది? కొంచెం గట్టిగా లేకపోతే తెల్లారేసరికి శవాలు లెక్కపెట్టుకోవలసి వస్తుంది.

గాజువాక_గోపి
వీపు మీద అంత పెద్ద భోజనం పెట్టె మోసుకుంటూ ముందు చక్రం గాలిలోకి లేపేవాడిని నేనైతే ఇంతవరకు చూడలేదు, వాకర్‌ గారూ. సాంబారు ఏమైపోతుంది?

రిటైర్డ్_ఖాకీ
ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఈ ఉద్యోగం చేసి ఎస్సైగా పదవీ విరమణ చేశాను కాబట్టి మొదటి ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. లాఠీ శిక్ష వేసే సాధనం కాదు. గుంపును చెదరగొట్టడానికి, తన మీదికి వచ్చేవాణ్ణి ఆపడానికి ఇచ్చిన కర్ర అది. గుంపు విషయం ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 148వ సెక్షనులో ఉంది, పాత నేర విచారణ స్మృతిలో అదే 129. అక్కడ కూడా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ, స్టేషను అధికారి గానీ, ఆయన లేనప్పుడు ఎస్సై స్థాయికి తగ్గని అధికారి గానీ ముందు చెదిరిపొమ్మని ఆదేశించాలి, వారు వినకపోతేనే బలం వాడాలి. ఆ గుంపు కూడా చట్టవిరుద్ధమైనదో, లేక శాంతికి భంగం కలిగించేలా ఉన్న అయిదుగురికి తగ్గనిదో అయి ఉండాలి. బండి తిప్పుకుంటున్న ఒక్క మనిషి గుంపు కాడు.

ఇక ఎక్కడ కొట్టాలన్న సంగతి. 1964లో రాష్ట్రాల పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరళ్ల సమావేశం గుంపుల మీద బలప్రయోగానికి నమూనా నియమాలను ఆమోదించింది. లాఠీ దెబ్బ మెత్తని కండ ఉన్న చోట పడాలని, తలకూ మెడ దగ్గరి కాలర్ ఎముకకూ వీలైనంతవరకు తగలకూడదని అందులో ఉంది. కాల్పుల విషయంలో చాలామంది నమ్మేదానికి అది పూర్తిగా వ్యతిరేకం. ముందు గాలిలోకి కాల్చడం దయ అనుకుంటారు గానీ, జనం తలల మీదుగా కాల్చకూడదని, గురి కిందికి ఉంచాలని, గుంపు చెదరడం మొదలైన క్షణమే ఆపాలని ఆ నియమాలు చెబుతాయి. గాలిలోకి పోయిన గుండు దూరాన మేడ మీద నిలబడి చూస్తున్నవాడికి తగులుతుంది.

ఎంవీపీ_వాకర్
నియమాలు చదువుకుంటూ కూర్చుంటే ఆ రాత్రి పని జరిగేదేనా, ఎస్సై గారూ?

రిటైర్డ్_ఖాకీ
నియమం ముందే ఒంటికి పట్టి ఉంటే ఆ రాత్రి చదువుకోవలసిన పని ఉండదు. నా శిక్షణ కాలంలో లాఠీ డ్రిల్లు ప్రతి పొద్దుటా ఉండేది. అరుస్తున్న మనిషిని మాటతో ఎలా చల్లబరచాలో మాకు ఒక్క గంట కూడా నేర్పలేదు. నేను దాన్ని ఉద్యోగంలో చేరిన తరవాత ఒక ముసలి హెడ్డు కానిస్టేబుల్ని చూసి నేర్చుకున్నాను. ఆయన గొడవ జరిగే చోటికి వెళ్లి, అందరికన్నా కోపంగా ఉన్నవాడి దగ్గర నిలబడి, "మంచినీళ్లున్నాయా బాబూ?" అని అడిగేవారు. వాడు నీళ్ల కోసం పక్కకు తిరిగేసరికి సగం కోపం పోయేది. అది ఏ సిలబస్‌లోనూ లేదు.

క్యాజువాలిటీ_డ్యూటీ
నేను ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగంలో పనిచేసే డాక్టర్ని. మొదటి పోస్టులో అందరూ దాటేసిన మాట ఒకటుంది. పగులు ముంజేతి మధ్యభాగంలో, చిటికెనవేలి వైపు ఎముకకు మాత్రమే ఉందా? ఉంటే దానికి ఎముకల వైద్యంలో ఉన్న పేరే నైట్‌స్టిక్ ఫ్రాక్చర్. నైట్‌స్టిక్ అంటే పోలీసు కర్ర. మీదికి వస్తున్న దెబ్బను కాచుకోవడానికి మనిషి చెయ్యి పైకెత్తినప్పుడు ఆ ఎముకే ముందుకు వస్తుంది, దెబ్బ దాని మీద పడుతుంది. బండి మీద నుంచి పడేవాడు సాధారణంగా అరచెయ్యి నేలకు ఆనిస్తాడు కాబట్టి మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు ఎముక విరుగుతుంది.

చర్మం మీది గుర్తు కూడా చూడండి. గుండ్రటి కర్రతో గట్టిగా కొడితే కమిలిన గుర్తు ఒకే పట్టీలా రాదు. రైలు పట్టాల్లా రెండు సమాంతర గీతలు పడి, మధ్యలో చర్మం పాలిపోయి ఉంటుంది. అది రంగు మారుతూ కొద్ది రోజుల్లో పోతుంది కాబట్టి, ఇంకా కనిపిస్తుంటే ఈరోజే పక్కన ఒక స్కేలు పెట్టి, వెలుతురులో ఫొటో తీయండి.

సీతమ్మధార_అన్న
డాక్టరు గారూ, మీ పోస్టు చదివి ఇప్పుడే వాడి చొక్కా చెయ్యి మడిచి చూశాను. రెండు గీతలు ఉన్నాయి. మధ్యలో సుమారు వేలు వెడల్పు ఖాళీ ఉంది, అంచులు పచ్చబడుతున్నాయి. పగులు మీరు చెప్పిన ఎముకకే. ఇన్నాళ్లూ మేము దానికి వేడి కాపడం పెడుతున్నాం.

క్యాజువాలిటీ_డ్యూటీ
కాపడం ఆపి, కట్టు కట్టించండి. తరవాత ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లి ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు, నమోదు చేయమని అడగండి. ఎవరో కొట్టారని రోగి చెప్పినప్పుడు దాన్ని నమోదు చేసి పోలీసులకు సమాచారం పంపడం డాక్టరు బాధ్యత, చేసిపెట్టే ఉపకారం కాదు. ఎవరు, దేనితో, ఎప్పుడు కొట్టారన్నది రోగి మాటల్లోనే రాయించండి, మీరు పక్క నుంచి చెప్పకండి. ఆలస్యం ఎందుకైందో కూడా రాయించండి. మొదటి ఆసుపత్రి చీటీని దాచిపెట్టకండి, చించకండి. అందులో "పడ్డాడు" అని ఉన్నా, ఎక్స్‌రే మరో మాట చెబుతోంది.

గాజువాక_గోపి
ఎముక నిజం చెప్పింది, చీటీ అబద్ధం చెప్పింది. మనకు ఎముకను సాక్షిగా పిలిచే కోర్టు కావాలి.

లాసన్స్‌బే_వకీలు
పిలవవచ్చు గోపి గారూ, డాక్టరు బోనెక్కి దాని తరఫున మాట్లాడతాడు.

అసలు సంగతికి వస్తాను. ఇక్కడ రెండు ఘటనలున్నాయి, వాటిని కలపకండి. రోడ్డు మీద దెబ్బ ఒకటి, స్టేషనులో గంటన్నర రెండోది. చాలామంది మొదటిదాని గురించే మాట్లాడతారు గానీ, రుజువు సులభంగా దొరికేది రెండోదానికే. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఇచ్చిన ఆదేశం ప్రకారం ప్రతి పోలీసు స్టేషనులో గేటు, వరండా, లాకప్, ఎస్సై గది సహా అన్ని చోట్లా సీసీ కెమెరాలు ఉండాలి, మాటలు కూడా రికార్డు కావాలి. రికార్డింగును 18 నెలలు, ఏ పరిస్థితిలోనైనా ఒక సంవత్సరానికి తగ్గకుండా ఉంచాలి. దాని పర్యవేక్షణకు జిల్లా స్థాయి కమిటీ కూడా ఉండాలి. కాబట్టి మీ తమ్ముడు ఆ వరండాలో కూర్చున్నాడా లేదా అన్నది ఎవరి మాట మీదా ఆధారపడనవసరం లేదు.

గాజువాక_గోపి
ఆ రోజు మాత్రం కెమెరా మరమ్మతులో ఉందంటారు చూడండి. మా అపార్ట్‌మెంటు లిఫ్టు కూడా అచ్చం అంతే, బంధువులు సామాన్లతో దిగిన రోజే ఆగుతుంది.

లాసన్స్‌బే_వకీలు
అలా అంటే ఆ మాటనే కాగితం మీద రాసి ఇవ్వమనండి. మరమ్మతు రిజిస్టరులో ఆ తేదీ ఉందో లేదో తరవాత అడగవచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకు ముప్ఫై రోజులు పడుతుంది కాబట్టి దానికన్నా ముందు "ఫలానా తేదీ, ఫలానా సమయం రికార్డింగును చెరపకుండా భద్రపరచండి" అని కమిషనరు గారికి రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. రోడ్డు మీది కెమెరాలకు సైనీ తీర్పు వర్తించదు. బారికేడు ఎదురుగా దుకాణం ఏదైనా ఉంటే ఈరోజే వెళ్లి అడగండి, చాలా దుకాణాల్లో పాత రికార్డింగు కొద్ది వారాల్లోనే చెరిగిపోతుంది.

ఖాకీ_ఇల్లాలు
నేను ఒక కానిస్టేబులు భార్యను. ఈ చర్చ మొత్తం చదివి, రాయకుండా ఉందామనుకుని, ఉండలేక రాస్తున్నాను. ఆ రాత్రి మా ఆయన కూడా బీచ్‌రోడ్డు బందోబస్తులోనే ఉన్నారు. పొద్దున్న ఎనిమిదింటికి ఇంటి నుంచి బయలుదేరి, మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి వచ్చారు. బూట్లు విప్పితే మేజోడు మడమకు అతుక్కుపోయి ఉంది, నీళ్లు పోసి తడిపి తీశాను. మధ్యలో తిన్నది రెండు బిస్కెట్ ప్యాకెట్లు. 2019లో వెలువడిన ఒక దేశవ్యాప్త అధ్యయనం పోలీసులు రోజుకు సగటున 14 గంటలు పనిచేస్తున్నారని తేల్చింది. అదే సంవత్సరం మన రాష్ట్రంలో వారాంతపు సెలవు ప్రకటిస్తే మా ఇంట్లో పాయసం వండుకున్నాం. ఆ సెలవు మాకు ఎన్ని వారాలు దక్కిందో ఇక్కడ రాయను.

కొట్టడం తప్పే. మా ఆయన కొట్టినా తప్పే అంటాను. కానీ పద్దెనిమిది గంటలు నిలబడిన మనిషి చేతిలో కర్ర పెట్టి, మాట మాత్రం మెత్తగా ఉండాలని కోరేవాళ్లు, ఆ మనిషిని ఆ గంట దాకా అక్కడ నిలబెట్టినవాళ్ల పేరు కూడా అడగాలి.

సీతమ్మధార_అన్న
అమ్మా, మీ మాట కాదనను. అయితే కొట్టినవారి పేరు కూడా మాకు తెలియదు. రాత్రి కాబట్టి మీద మెరిసే జాకెట్టు వేసుకున్నారట, పేరు పట్టీ దాని కింద ఉండిపోయింది.

రిటైర్డ్_ఖాకీ
పేరు పట్టీ కనబడాలన్నది 1996 డిసెంబరు నుంచి ఉన్న నియమమే. డి.కె.బసు తీర్పులో సుప్రీంకోర్టు పెట్టిన పదకొండు నిబంధనల్లో మొదటిది అదే. జాకెట్టు మీద పేరు అచ్చు వేయించడానికి ఎంత ఖర్చవుతుంది? ఇది శిక్షణతో గానీ కమిషన్లతో గానీ సంబంధం లేకుండా దర్జీ పరిష్కరించగల సమస్య. పేరు కనబడుతోందని తెలిసిన చెయ్యి కాస్త నెమ్మదిగా లేస్తుందని నా అనుభవం.

మీ తమ్ముణ్ణి ఎవరు తెచ్చారో స్టేషను జనరల్ డైరీలో, అంటే రోజువారీ సంగతులు రాసే పుస్తకంలో, ఉండాలి. లేకపోతే గంటన్నర ఒక మనిషిని రాత లేకుండా కూర్చోబెట్టినందుకు స్టేషను అధికారే జవాబుదారు. అందుకే చెబుతున్నాను, ఫిర్యాదులో "గుర్తుతెలియని కానిస్టేబులు" అని రాసి ఊరుకోకండి, ఆ బారికేడు దగ్గర డ్యూటీ ఎవరికి వేశారో చూపే బందోబస్తు పట్టిక అడగండి. అది ఉండి తీరుతుంది, దాని ఆధారంగానే మాకు డ్యూటీలు వేసేవారు.

మురళీనగర్_మాస్టారు
ఇంతవరకు చర్చ అంతా పోలీసులే పోలీసుల మీద విచారణ చేయడం చుట్టూ తిరుగుతోంది. బయటివారి చేతిలో పెట్టమని సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న, ప్రకాశ్ సింగ్ కేసులో, ఎప్పుడో చెప్పింది. డీఎస్పీ, అంతకన్నా కింది స్థాయి వారిపై ఫిర్యాదులకు ప్రతి జిల్లాలో విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షతన, ఎస్పీ, ఆ పైస్థాయి వారికి రాష్ట్రంలో విశ్రాంత హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జి అధ్యక్షతన పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ ఉండాలి. దాని సిఫారసు ప్రభుత్వం తప్పనిసరిగా పాటించాలి. ఆ తీర్పు వచ్చిన ఏడాది పుట్టిన పిల్లలకు ఓటు హక్కు కూడా వచ్చేసింది. ఆంధ్రా విశ్వవిద్యాలయం గేటు ఎక్కడ అని అడిగితే ఏ ఆటో డ్రైవరైనా చెబుతాడు, ఈ జిల్లా ప్రాధికార సంస్థ గుమ్మం ఎక్కడ అని అడిగి చూడండి.

దేశంలో పోలీసు చట్టం అంటే అందరూ 1861 అంటారు గానీ, మన ఆంధ్ర ప్రాంతానికి మూలం అంతకన్నా రెండేళ్ల ముందరిది, 1859నాటి మద్రాసు చట్టం. కంపెనీ పాలన పోయిన మర్నాటి ఏడాది, జనాన్ని అదుపులో ఉంచడానికి రాసుకున్నది. ఈ ఊళ్లో 1966 నవంబరు 1న ఉక్కు కర్మాగారం కావాలన్న వారి మీద కాల్పులు జరిగినప్పుడు నాకు పదకొండేళ్లు. మా నాన్న నన్ను బడి నుంచి భుజాల మీద ఎక్కించుకుని సందుల్లోంచి ఇంటికి తెచ్చారు. ఇల్లు చేరేవరకు ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

పాతనగరం_పాప
మాస్టారూ, మరీ 1966 దాకా పోనక్కర్లేదు. 2020 మేలో అక్కయ్యపాలెం దగ్గర ఒక ప్రభుత్వ వైద్యుడి చేతులు వెనక్కి కట్టి నడిరోడ్డు మీద పడేసిన వీడియో రాష్ట్రమంతా చూసింది. లాఠీ వాడిన కానిస్టేబుల్ని సస్పెండ్ చేశారు, వారం తిరగకముందే హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. నాకు అర్థమైంది ఒక్కటే, ఎవరో ఫోను తీశారు కాబట్టి అది జరిగింది.

లాసన్స్‌బే_వకీలు
ఫోను లేని చోట ఏమవుతుందో కూడా మన కోర్టులోనే తేలింది. 2007 ఆగస్టులో వాకపల్లిలో పదకొండు మంది ఆదివాసీ మహిళలు నక్సలైట్లను ఎదుర్కొనే పోలీసు దళమైన గ్రేహౌండ్స్ సిబ్బంది తమపై అత్యాచారం చేశారని చెప్పారు. విచారణ ఎదుర్కొన్న పదముగ్గురినీ విశాఖలోని ప్రత్యేక కోర్టు 2023 ఏప్రిల్‌లో నిర్దోషులుగా వదిలింది. దర్యాప్తు అధికారులు సరిగా దర్యాప్తు చేయలేదని అదే తీర్పులో తప్పుపట్టి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. దాదాపు పదహారేళ్ల తరవాత నిజం ఇది అని ఎవరూ చెప్పలేని స్థితి వచ్చింది. మొదటి రోజుల్లో సేకరించవలసినవి సేకరించకపోతే పైకోర్టు ఎంత పెద్దదైనా చేసేది తక్కువ. మీ తమ్ముడి చెయ్యి చిన్న విషయమే కావచ్చు, కానీ సూత్రం అదే.

న్యూజెర్సీ_ఉప్పాడ
ఇక్కడి సంగతి ఒకటి చెబుతాను. న్యూయార్క్ నగరంలో పోలీసుల మీద ఫిర్యాదులు చూసే బోర్డులో 1993 నుంచి అందరూ పౌరులే, దానికి సొంత దర్యాప్తు అధికారులున్నారు. మనకు అలాంటిది కావాలి.

ఎంవీపీ_వాకర్
జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద తొమ్మిది నిమిషాలు మోకాలు పెట్టిన దేశం నుంచా మనం నేర్చుకోవలసింది?

న్యూజెర్సీ_ఉప్పాడ
అది మినియాపొలిస్, న్యూయార్క్ కాదు. అయినా మీ ప్రశ్న సరైనదే. ఆ ఘటన మీద పోలీసులు మొదట విడుదల చేసిన ప్రకటనకు పోలీసులతో వ్యవహారం జరుగుతుండగా ఆరోగ్య సమస్య తలెత్తి ఒక వ్యక్తి మరణించాడన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టారు. దారిన పోతున్న ఒక అమ్మాయి ఫోనులో తీసిన వీడియో బయటికి రాకపోతే ఆ కాగితమే చరిత్ర అయ్యేది. న్యూయార్క్ బోర్డు కూడా సిఫారసు చేయగలదే గానీ, శిక్ష మీద చివరి మాట పోలీసు కమిషనరుదే. కాబట్టి కాగితం మీద చూస్తే మన 2006 తీర్పు వాళ్లకన్నా గట్టిది, ఎందుకంటే అది సిఫారసును తప్పనిసరి చేసింది.

మురళీనగర్_మాస్టారు
కాగితం మీద మనకన్నా గట్టివారు ప్రపంచంలో లేరు బాబూ.

సీతమ్మధార_అన్న
పన్నెండు రోజుల తరవాత రాస్తున్నాను. ప్రభుత్వ ఆసుపత్రిలో ఎంఎల్‌సీ నమోదైంది. అక్కడి డ్యూటీ డాక్టరు స్కేలు పెట్టి కొలిచి, రెండు గీతల మధ్య దూరం కూడా రాశారు. సోమవారం ఫిర్యాదుల రోజున కమిషనరు కార్యాలయంలో అర్జీ ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. దుకాణాయన మొదట కెమెరా పనిచేయదన్నాడు. మా తమ్ముడి చేతి కట్టు చూశాక లోపలికి పిలిచి టీ ఇచ్చి, పెన్‌డ్రైవ్ తెచ్చుకోమన్నాడు. వీడియోలో దెబ్బ కనబడలేదు, జనం అడ్డున్నారు. కానీ వాడు రెండు చేతులతో బండిని వెనక్కి నెడుతున్నట్టు, దానికి ముందు చెయ్యి బాగానే ఉన్నట్టు స్పష్టంగా ఉంది. ఈలోపు డెలివరీ సంస్థ ఆ రాత్రి ఆర్డరు చేరలేదని వాడి ఐడీ ఆపేసింది, దాని మీద ఫిర్యాదుకు మాత్రం మనిషి దొరకడం లేదు.

లాసన్స్‌బే_వకీలు
బాగా చేశారు. అర్జీ మీద కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. అయితే విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగి మీద ఫిర్యాదు వస్తే, దర్యాప్తుకు ఆదేశించే ముందు పై అధికారి నివేదికను, ఆ ఉద్యోగి వాదనను చూడాలని కొత్త సంహిత 175వ సెక్షను చెబుతోంది కాబట్టి కొంత సమయం పడుతుంది. మానవ హక్కుల కమిషనుకు పోస్టులో రాయవచ్చు, ఘటన జరిగిన ఏడాదిలోపు రాయాలి. రాష్ట్ర కమిషన్ కార్యాలయం 2021లో కర్నూలులో మొదలైంది, మనిషి ఆ చివరి దాకా వెళ్లనవసరం లేదు.

ఖాకీ_ఇల్లాలు
అబ్బాయి చెయ్యి ఇప్పుడు ఎలా ఉంది?

సీతమ్మధార_అన్న
కట్టు ఇంకో నాలుగు వారాలు ఉంచాలన్నారమ్మా. అన్నం కుడిచేత్తోనే కాబట్టి తిండికి ఇబ్బంది లేదు.

నిన్న ఉత్తరం వచ్చింది. స్టేషను వరండా రికార్డింగును భద్రపరిచామని, ఏసీపీ స్థాయి అధికారి విచారిస్తారని సంతకంతో ఉంది. బందోబస్తు పట్టిక గురించి ఒక్క ముక్క లేదు. దానికోసం విడిగా దరఖాస్తు తెలుగులో రాసుకున్నాను, ఇంగ్లీషులో లేదని తిప్పి పంపుతారా?

లాసన్స్‌బే_వకీలు
పంపకూడదు, సమాచార హక్కు చట్టమే ఆ వీలు ఇచ్చింది. పది రూపాయల రుసుము జత చేయండి.

గాజువాక_గోపి
ఆ పదికి కూడా రసీదు తీసుకోండి.